జానెడు దిగిన పొద్దుబిళ్ళ

ఫిబ్రవరి 2

గాలి ఈశాన్యం, మెల్లగా. తెల్లవారి మంచు ఎనిమిదింటికి విడిపోయింది. కమ్మి మెట్లెక్కి బిళ్ళను చింతపండుతో తోమాను. గొలుసుకు నూనె పెట్టాను. తాడు కట్టించుకోవడానికి ఎవరూ రాలేదు. నా భార్య పోలేశ్వరి పోయి నూట ఇరవై రెండు రోజులు.

మధ్యాహ్నం ఎల్లాజీ పడవ వచ్చింది. ముప్పై ఒకటిన రావలసిన పడవ. పైగా తూర్పు నుంచి కాదు, దక్షిణం నుంచి ఒడ్డు పట్టుకుని తెడ్లు వేసుకుంటూ వచ్చింది. మొన్న ఉదయం ఇరవై నాలుగు కిలోమీటర్ల అవతల ఇసుక ఒడ్డున తేలారట. అది ఎల్లాజీ అత్తవారి ఊరు. ఆయన భార్య పైడితల్లి బుట్ట దించకుండానే అందుకుంది.

"నడిసముద్రంలో దారి తప్పి, సరిగ్గా మాయమ్మ ముంగిట తేలినాడు మాస్టారూ. కోడి కోసింది కావాల. రెండు రోజులు లెగనేదు."

ఒడ్డంతా నవ్వారు. ఎల్లాజీ కూడా నవ్వి, నీరు లాగేసిందన్నాడు. పుస్తకంలో అదే రాస్తున్నాను. ఆలస్యానికి కారణం: నీటి లాగుడు.

ఫిబ్రవరి 3

నిన్న రాసింది తప్పు. కార్తీకంలో మా నీరు దక్షిణానికి లాగుతుంది. మాఘంలో ఉత్తరానికి లాగుతుంది. ఎల్లాజీ నలభై ఏళ్ళుగా సముద్రం మీద ఉన్నవాడు, ఆయనకూ ఇది తెలుసు. ఇల్లు చేరిన సంతోషంలో ఆలోచించి ఉండడు. నీరు ఉత్తరానికి లాగుతుంటే పడవ దక్షిణాన తేలిందంటే, తాడే అక్కడికి తీసుకుపోయింది.

నా తర్వాత ఈ పుస్తకం పట్టుకునేవారి కోసం వివరంగా రాస్తున్నాను.

ఉపగ్రహాలు రాలిపోయి ముప్పై ఏళ్ళు. దూరం పోయే పడవకు ఇప్పుడు ధ్రువనక్షత్రమే దారి. అరచేతి వెడల్పు చెక్క, దానికి ఒక తాడు, తాడుకు ఒక ముడి. ముడిని పళ్ళతో పట్టుకుని, తాడు బిగిసేలా చెక్కను ముందుకు చాపి, కింది అంచును సముద్రపు గీత మీద ఆనించాలి. పై అంచుకు నక్షత్రం తగిలితే మన ఊరికి నేరుగా తూర్పున ఉన్నట్టు. ఇక పడమటికి తిప్పి వచ్చేయడమే.

మన ఊళ్ళో నిలబడి నక్షత్రాన్ని చూసి ముడి వేయడం కుదరదు. ఉత్తరాన కొండ అడ్డం. అందుకే పోలేశ్వరి పొద్దుబిళ్ళ చేసింది. పాత మరపడవల ఇత్తడి పంకాలు కరిగించి పోత పోసిన బారెడు బిళ్ళ, చుట్టూ పన్నెండు నెలల పొద్దుపొడుపులకు పన్నెండు కిరణాలు, నడుమ పిడికిలి పట్టే కన్నం. అలలా వంగి లేచిన ఇనుప కమ్మి కొసన, పదమూడు మీటర్ల ఎత్తులో దాన్ని నిలబెట్టింది. బొమ్మను చూడటానికి మొదట్లో పొరుగూళ్ళ నుంచి జనం వచ్చేవారు. ఒడ్డు వైపు నలభై మీటర్ల వెనక రాతిపీట ఉంది. పీట మీద కూర్చుంటే సముద్రపు గీత నుంచి కన్నం ఎంత ఎత్తులో కనిపిస్తుందో, మన ఊరికి ధ్రువనక్షత్రం అంతే ఎత్తు. తాడు ఉప్పుకు సాగుతుంది కాబట్టి ప్రతి ప్రయాణానికీ కొత్తది కట్టాలి. ముడి కాపలాదారే వేయాలి. పడవ నడిపే తండేలు తన ముడి తాను వేసుకోకూడదు.

ఎల్లాజీ తాడుకు జనవరి 2న ముడి వేసింది నేను. జనవరి 16న నూకరత్నం తాడుకు వేసిందీ నేనే. నూకరత్నం నా కూతురు. ఇప్పుడు సముద్రం మీద ఉన్న దూరపు పడవ తనదొక్కటే. ఆరుగురు కళాసీలు, తను, మొత్తం ఏడుగురు. పదకొండో తేదీకి అటూ ఇటూగా రావాలి.

ఫిబ్రవరి 4

ఉదయం దానయ్యను పిలిచాను. పోలేశ్వరి తమ్ముడు. మేస్త్రీలు వాడే నీటి గొట్టం తెచ్చాడు. ఒక కొస పీట దగ్గర అతను, ఇంకో కొస కమ్మి మొదట్లో నేను పట్టుకున్నాం. పీటతో సమంగా ఉండాలని కమ్మి మీద పోలేశ్వరి ఉలితో కొట్టిన గీత ఒకటి ఉంది. ఆ గీత గొట్టంలోని నీటి మట్టానికి ఇరవై రెండు సెంటీమీటర్లు కిందికి ఉంది. దానయ్య చెయ్యి పెట్టి చూశాడు. సరిగ్గా జానెడు.

కమ్మిని నిలబెట్టిన అరుగు కింద ఇసుకను సముద్రం తోడుకుపోయింది. అరుగు కుంగింది, కమ్మి కుంగింది, పైన బిళ్ళ కుంగింది. అది చూడటానికి పదకొండు మెట్లు దిగి అరుగు కిందికి పోవాలి. పోలేశ్వరి అక్కడే పోయిన అక్టోబరు 3 తర్వాత నేను ఆ మెట్లు దిగడం ఇదే.

కింద ఆమె పనిముట్ల పెట్టె ఉంది. అందులో గునపం, సుత్తి, ఒక నోటుపుస్తకం. ప్రతి అమావాస్యకూ ఒక వరస. "ఆగస్టు. రెండు సెం.మీ. చీలికలు మూడు." "సెప్టెంబరు. మూడు సెం.మీ. చీలికలు అయిదు." ఆ తర్వాత పేజీలు ఖాళీ.

అంటే కుంగినంత మేరా ప్రతి నెలా రాతి చీలికలు దిగ్గొట్టి అరుగును పైకి లేపేది. అమావాస్య నాడు గునపం పట్టుకుని బయల్దేరడం నాకు తెలుసు. ఎందుకో అడగలేదు. రెండుసార్లు తనే అంది, ఒకసారి కిందికి రా, చూపిస్తాను అని. నేను డిగ్రీ పిల్లల ఫిజిక్స్ పేపర్లు దిద్దుకుంటూ, వస్తానన్నాను.

కాపలా ఇంట్లో చావు జరిగితే ఏడాది పాటు ఆ ఇంటివాళ్ళు బిళ్ళ దగ్గర ఇనుప పనిముట్టు పట్టకూడదని మా ఊరి కట్టు. ఏటి సూతకం. అందుకని నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఆ నమ్మకం లేదు. ఆ మెట్లు దిగకుండా ఉండటానికి మాత్రం అది పనికొచ్చింది.

ఫిబ్రవరి 5

లెక్క మూడుసార్లు వేశాను. ఇక్కడ జానెడు దిగితే సముద్రం మీద పడవ దారి ముప్పై రెండు కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. ఎల్లాజీ తాడు నాటికి పదహారున్నర సెంటీమీటర్లు దిగి ఉండాలి. ఆయన తేలిన చోటుకు అది సరిపోయింది. నూకరత్నం తాడు నాటికి పందొమ్మిది, లేదా ఇరవై. అంటే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు.

ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర చాపరాళ్ళు మొదలవుతాయి. ఒడ్డుకు కిలోమీటరున్నర దూరంలో, మోకాలి లోతు నీటి కింద, మూడు కిలోమీటర్ల పొడవున పరిచినట్టు ఉంటాయి. పైకి ఏమీ కనబడదు. మన ఊరి ముందు అంతా ఇసుక. మన తండేళ్ళు మంచులోనైనా తెరచాప దించకుండా ఒడ్డు దాకా వచ్చేస్తారు. నూకరత్నం కూడా అలాగే వస్తుంది. దూరపు పడవల్లో రేడియోలు లేవు.

సాయంత్రం చేపల వేలం షెడ్డులో అందరి ముందూ చెప్పాను. ఎవరూ అడ్డు రాలేదు. చివర ఎల్లాజీ, ఇంకో నాలుగు కిలోమీటర్లు జరిగి ఉంటే తానూ ఆ రాళ్ళ మీద ఎక్కేవాణ్ణని మెల్లగా అన్నాడు. పైడితల్లి లేచి ఆయన పక్కకు వెళ్ళి కూర్చుంది.

వరహాలమ్మ కొడుకు నూకరత్నం పడవలో కళాసీ. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ముడి ఏసిననాడు నీకు తెల్దా మాస్టారూ?"

తెలియదన్నాను.

"పోలేశ్వరమ్మకి తెలుసునా, ఇది దిగిపోతన్నాదని?"

తెలుసన్నాను. ఆమె కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 6

ఎల్లాజీ అయిదు చిన్న పడవలతో చాపరాళ్ళ అవతల కాపు కాస్తానన్నాడు. కానీ ఆ పడవలకు ఒడ్డు నుంచి రెండు కిలోమీటర్ల కంటే దూరం పోయే వీల్లేదు. తెల్లవారి మంచులో పక్క పడవే కనబడదు.

నేను బిళ్ళను దించి తీసుకుపోదామన్నాను. రోజూ పొద్దున గొలుసు లాగి బిళ్ళను పొద్దుకు ఎదురుగా తిప్పుతాను. ఆ మెరుపు పన్నెండు కిలోమీటర్ల దూరం నుంచి కనబడుతుంది. దాన్ని చాపరాళ్ళకు ఎదురుగా ఒడ్డున నిలబెట్టి మెరిపిస్తే హెచ్చరికగా ఉంటుందని నా ఆలోచన. చాలామంది తలలూపారు. దానయ్య ఊపలేదు.

"బావా, మెరుపు సూసి పడవ ఆగుతాదేటి? మెరుపంటే మనోల్లకి ఇల్లు. రాళ్ళ ఎనకాల ఎలిగించినావంటే మన నూకరత్నం గుంట తిన్నగా రాళ్ళ మీదకే వొచ్చీస్తాది."

 ఆ మాట నాకు తట్టలేదు. లెక్క మూడుసార్లు వేసినవాణ్ణి. నా కూతుర్ని నెల తిరగకుండా రెండోసారి నా చేతులతోనే రాళ్ళ మీదికి పంపేవాణ్ణి.

దానయ్య ఇసుకలో వేలితో గీశాడు. చాపరాళ్ళ ఉత్తరపు కొసకు మూడు కిలోమీటర్ల ఇవతల ఒక ఇసుక దిబ్బ ఉంది. దాని ముందు నీరు లోతు. మెరుపు అక్కడ ఉంటే, తూర్పు నుంచి వచ్చే పడవ కుడికి తిరుగుతుంది. రాళ్ళు ఎడమకు ఉండిపోతాయి. చూస్తే తిరుగుతుంది. మంచు లేకపోతే చూస్తుంది.

ఇక ఇనుము సంగతి వచ్చింది. కులపెద్ద అప్పలకొండకు డెబ్బై ఒకటి. అంతసేపూ గోడకు ఆనుకుని వింటున్నాడు. లేచి నా చేతిలోని స్పానర్ తీసుకున్నాడు.

"మొదటి బోల్టు నాను ఇప్పుతాను. మిగతాయి నువ్వు ఏ సేత్తో ఇప్పినా నాను సూడను."

కమ్మి మెట్లెక్కడానికి ఆయనకు పావుగంట పట్టింది. కింద నలుగురు దుప్పటి చాపి పట్టుకున్నారు. ఎందుకురా అది, నన్ను పాడె కట్టీడానికా అని పైనుంచి తిట్టాడు. బోల్టు విప్పాడు. దిగాడు. తర్వాత పదిహేను బోల్టులు నేను విప్పాను. ఆయన సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

ఫిబ్రవరి 8

బిళ్ళ నూట పది కిలోలు. టైరు బండి మీద గడ్డి పరిచి పడుకోబెట్టాం. ఇసుకలో ఎద్దులు సాగలేదు. విప్పేసి మనుషులమే లాగాం. నిన్న పదకొండు కిలోమీటర్లు, ఇవాళ పద్నాలుగు. వాగు దగ్గర పీపాల తెప్ప మీదికి ఎక్కిస్తుంటే ఒరిగి రాయికి తగిలింది. ఆషాఢం కిరణం విరిగింది. ముక్కను గోనెలో చుట్టి పెట్టాను.

చీకటి పడేవేళకు దిబ్బ చేరాం.

ఫిబ్రవరి 9

రెండు తాటి దుంగలు పాతి, మోకులతో బిళ్ళను మధ్యన వేలాడదీశాం. ఇక్కడ గొలుసూ కప్పీ లేవు, రెండు చేతులతో అంచులు పట్టుకుని తిప్పాలి. వెనక నిలబడి కన్నంలోంచి గురి చూస్తాను. కన్నంలోంచి దూరిన ఎండ నా చొక్కా మీద గుండ్రంగా పడుతుంది. ఆ వెలుగు జరిగితే పొద్దు జరిగినట్టు, సముద్రం మీద మెరుపు తప్పినట్టు. మళ్ళీ సర్దాలి. ఒక్క నిమిషం వదిలినా పోతుంది.

ఇవాళ పది దాకా మంచు. ఒంటిగంట తర్వాత పొద్దు వెనక్కి వాలింది. మూడు గంటలే మెరిపించగలిగాను. ఎల్లాజీ పడవలు తప్ప ఏమీ కనబడలేదు.

ఫిబ్రవరి 10

ఏడున్నర నుంచి ఒంటిగంట దాకా పట్టుకున్నాను. ఏమీ లేదు. మధ్యాహ్నాల్లో నేను ఎవరికీ పనికిరాను.

వరహాలమ్మ అన్నం కుండ నెత్తిన పెట్టుకుని ఇరవై అయిదు కిలోమీటర్లు నడిచి వచ్చింది. అందరికీ వడ్డించింది. నాకూ వడ్డించింది. నా వైపు చూడలేదు.

 

ఫిబ్రవరి 11

ఇవాళ రావలసిన రోజు. తెల్లవారినప్పటి నుంచి మంచు. పన్నెండు దాటినా దిబ్బ మీదికి ఎండ రాలేదు. డబ్బాలు వాయించాం. ఆ చప్పుడు అలల్ని దాటి పోయి ఉండదు. అయినా అందరం చేతులు నొప్పి పుట్టేదాకా వాయించాం.

బిళ్ళను ఊరికే పట్టుకుని నిలబడ్డాను. అందులో నా ముఖం కూడా కనబడలేదు.

సాయంత్రం ఎల్లాజీ తిరిగి వచ్చి, రాళ్ళ మీద చెక్కలేవీ తేలలేదు మాస్టారూ అన్నాడు. నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు.

ఫిబ్రవరి 14

పన్నెండో తేదీ సంగతి ఇవాళ రాస్తున్నాను. ఈ రెండు రోజులూ చేతులు కలం పట్టలేదు.

ఆ ఉదయం మంచు నీటి మీదే పల్చగా పరుచుకుంది. దిబ్బ మీద ఎండ ఉంది. ఏడుంబావుకు ఎల్లాజీ కొమ్ము ఊదడం వినబడింది. మూడుసార్లు. తెరచాప కనబడిందని గుర్తు.

కన్నంలోంచి చూశాను. కాసేపటికి మంచు ఒకచోట విడిపోయింది. గోధుమరంగు తెరచాప. మేము అనుకున్న చోటుకన్నా దక్షిణాన, తిన్నగా పడమటికి వస్తోంది. మెరుపును దాని మీద వేశాను. తెరచాప తిరగలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట తొంభై దాకా అది అలాగే వచ్చింది. అప్పుడు వంగింది. ముక్కు మా వైపు తిరిగింది.

దిబ్బ మీద ఎవరో ఏడ్చారు. నేను చూడలేదు. మెరుపు తప్పిపోతుందని చూడలేదు.

రాళ్ళ కొస మేము గీసుకున్న దానికన్నా ఉత్తరానికి ఉంది. పడవ ఆగింది. తెరచాప ఒక పక్కకు వాలింది. కొంతసేపు అలా ఉండి, కిందికి పోయింది. దాని మీదికి మళ్ళీ మంచు వచ్చింది.

అందరూ తెప్పల వైపు పరుగెత్తారు. నా కాలూ ఒక అడుగు వేసింది. కింద నుంచి దానయ్య అరిచాడు.

"బావా, నువ్వు కదలకు. నీళ్ళల్లో ఉన్నోల్లకి అదే దారి."

అడుగు వెనక్కి వేశాను. అంచులు పట్టుకున్నాను.

ఆ తర్వాత నాకు కనబడింది పిడికిలంత గుండ్రటి తెల్లదనం. అందులో నీరూ లేదు, మనుషులూ లేరు. చొక్కా మీద వెలుగు జరిగినప్పుడల్లా బిళ్ళను సర్దాను. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒడ్డు నుంచి దానయ్య గొంతు వినబడింది.

"ఒకటి."

పేరు చెప్పలేదు. పేరు చెబితే మిగతావాళ్ళ సంగతి కూడా చెప్పినట్టవుతుందని కావచ్చు. నేనూ అడగలేదు. కాసేపటికి రెండు. వెంటనే మూడు.

చెమట కళ్ళల్లోకి దిగి కన్నం మసకబారింది. చెయ్యి వదిలి తుడుచుకోలేను. పక్క నుంచి ఎవరో కొంగుతో నా కళ్ళు తుడిచారు. వరహాలమ్మ. కిందికి పరుగెత్తకుండా ఇక్కడ ఉండిపోయింది. వచ్చినవాళ్ళల్లో తన కొడుకు ఉన్నాడో లేడో ఆమెకూ తెలియదు.

"ఎల్లి సూసుకోమ్మా," అన్నాను. ఆ యాస నా నోట ఎలా వచ్చిందో తెలియదు. పోలేశ్వరి అలా అనేది.

"నువ్వు సూత్తన్నావేటి?" అంది. మళ్ళీ తుడిచింది.

నాలుగు. చాలాసేపటికి అయిదు. ఎండకు ఇత్తడి కాలి, అరచేతులు దానికి అంటుకుపోయాయి. ఆషాఢం కిరణం విరిగిన చోట అంచు వేళ్ళల్లో దిగింది. పదకొండు దాటాక ఆరు. ఆ ఆరు అన్నప్పుడు కింద ఏదో మాట నడిచింది. వరహాలమ్మ అందులో కొడుకు గొంతు పోల్చుకుంది. ఆమె చెయ్యి నా భుజం మీద ఒక్కసారి గట్టిగా పడింది. అయినా వెళ్ళలేదు.

తర్వాత ఏమీ వినబడలేదు.

మంచు పూర్తిగా పోయింది. కన్నంలో ఇప్పుడు నీలం నీరు కనబడుతోంది, ఖాళీగా. దాని మీద మెరుపును కొద్దికొద్దిగా ఎడమకు జరిపాను. మళ్ళీ కుడికి. ఎక్కడ వేయాలో తెలియలేదు. తండేలు ఆఖరున పడవ వదులుతుంది. నా కూతురికి అది నేర్పింది వాళ్ళమ్మ. పన్నెండున్నర అయింది. పొద్దు వెనక్కి పోతోంది. బిళ్ళను పైకెత్తి పట్టుకోవలసి వచ్చింది. ఇంకో అరగంటలో దీనికి వెలుగు అందదు. ఆ అరగంట తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. అది ఆలోచించలేదు. చొక్కా మీద వెలుగు చూశాను, సర్దాను. చూశాను, సర్దాను.

"నాన్నా, వదిలీ."

నేను చూపు తిప్పలేదు. ఇలాంటివి నూట ముప్పై రోజులుగా వినబడుతున్నాయి.

"అందరం వొచ్చీసినాం నాన్నా. నాను అటేపు వాగు దగ్గర తేలినాను. నడుసుకుంటా వొచ్చినాను. పైనుంచి ఆరుగుర్నీ సూసినాను, మావయ్యకి ఇంకా తెల్దు."

"ఆరే," అన్నాను.

"నానే ఏడు."

"ముడి తప్పు వేశాను."

"అది ఊళ్ళో మాటాడుకుందాం. వదిలీ."

వదలమని చేతులకు చెప్పాను. అవి వదల్లేదు. చొక్కా మీది వెలుగు జరుగుతుంటే బిళ్ళను సర్దుతూనే ఉన్నాను. తడిసిన చెయ్యి ఒకటి నా చేతి మీదికి వచ్చింది. ఉప్పుకు ముడతలు పడి చల్లగా ఉంది. బొటనవేలు మొదట విప్పింది. తర్వాత మిగతావి, ఒక్కొక్కటీ, చర్మం ఊడి రాకుండా.